తల్లి చదువుకుంటే బిడ్డ బాగా ఎదుగుతుందంటారు. మరి మా పాప ఎందుకు ఎదగడం లేదు?

ప్రశ్న: చీపురుపల్లి అమ్మ

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లికి దగ్గరలో ఒక పల్లె. నేను బి.ఎస్సీ., బి.ఎడ్. చదివి, ఊరికి కొంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. మా పాపకు మొన్ననే ఏడాదిన్నర నిండింది. పోయిన వారం అంగన్‌వాడీ కేంద్రంలో కొలిచి, బరువు 8 కిలోలు, ఎత్తు 74.2 సెంటీమీటర్లు అని కార్డులో రాశారు. రెండూ ఉండవలసిన గీతకు కిందనే ఉన్నాయని, వయసుకు తగ్గ ఎత్తు లేదని చెప్పారు.

ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. కార్డు చూసినవారంతా ఒకటే మాట అంటున్నారు: "చదువుకున్న తల్లివి, నీ బిడ్డే ఇలా ఉంటే ఎలాగమ్మా?" మా తోడికోడలు అయిదో తరగతి దాటలేదు. వాళ్ల బాబు మా పాప కంటే ఒక నెల పెద్ద. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే నీళ్లు. బాబు బరువూ ఎత్తూ రెండూ బాగున్నాయి.

నేను మళ్లీ ఉద్యోగంలో చేరేనాటికి పాపకు ఏడు నెలలు. ఆ తరువాత పాలు తగ్గిపోయి, తొమ్మిదో నెలకల్లా తల్లిపాలు పూర్తిగా ఆగిపోయాయి. ఉదయం ఎనిమిదింటి నుంచి సాయంత్రం అయిదున్నర వరకు పాప మా అత్తగారి దగ్గరే ఉంటుంది. ఆమె ప్రాణంలా చూసుకుంటారు. అందులో నాకు ఏ లోటూ కనిపించలేదు. ఆవుపాలు అరగవని సగానికి సగం నీళ్లు కలిపి, రోజుకు మూడు సీసాలు పడతారు. పొద్దున్న పాలలో నానబెట్టిన రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం మెత్తగా పిసికిన చారన్నం నాలుగు ముద్దలు, సాయంత్రం పలుచగా కాచిన చోడి (రాగి) జావ పెడతారు. రాత్రి నేను పెడితే రెండు ముద్దలు తిని ముఖం తిప్పుకుంటుంది; ఫోనులో పాట పెడితే మరో రెండు తింటుంది. పుట్టినప్పుడు 2.4 కిలోలు ఉంది. ఈ ఏడాదిలో మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. పట్టుకున్నప్పుడల్లా రెండేసి రోజులు గంజినీళ్లతోనే ఉంచాము. మాటలు కూడా "అమ్మ", "తాత", "బూ" దగ్గరే ఆగి ఉన్నాయి.

తల్లి చదువుకుంటే బిడ్డ ఎదుగుదల బాగుంటుందని మా బి.ఎడ్. పాఠాల్లోనే చదివాను. అది నిజమైతే నా విషయంలో ఆ లంకె ఎక్కడ తెగిపోయింది? ఇప్పుడు నేను మార్చవలసినది ఏమిటి? తెలిసినవారు చెప్పగలరని వేడుకుంటున్నాను.


జవాబు: విశ్రాంత సూపర్‌వైజరు, నరసన్నపేట

అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మీలాంటి తల్లుల కన్నీళ్లు చాలా చూశాను. ముందుగా ఒక చిన్న పని చేయండి: ఆ ఎత్తును మళ్లీ కొలిపించండి. రెండేళ్లు నిండని పిల్లలను నిలబెట్టి కొలవకూడదు, బల్ల మీద పడుకోబెట్టి కొలవాలి. తల పైచెక్కకు ఆనేలా ఒకరు పట్టుకోవాలి, మోకాళ్లు చాచి పాదాలకు కిందిచెక్క ఆనించడానికి మరొకరు ఉండాలి. నిలబెట్టి కొలిస్తే దాదాపు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. ఏడాదిన్నర ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నడిమి పొడవు 80.7 సెంటీమీటర్లు, కింది గీత 74.9, బరువు నడిమి 10.2 కిలోలు, కింది గీత 8.1. మీ పాపను నిలబెట్టి కొలిచి ఉంటే, ఆమె సరిగ్గా గీత మీద ఉన్నట్టు లెక్క. అలాగని ఊరటపడి కూర్చోమనడం లేదు. గీతకు ఇటున్నా అటున్నా ఆ బిడ్డకు కావలసిన తిండి ఒకటే. జబ్బకు కట్టే కొలత పట్టీ కూడా పెట్టించండి. 12.5 సెంటీమీటర్లకు పైన ఉంటే పాప చిక్కిపోలేదని, నెలల తరబడి చాలీచాలని తిండితో గిడసబారుతోందని, అంటే వయసుకు తగ్గ పొడవు ఎదగడం లేదని అర్థం. మీరు రాసిన దాన్నిబట్టి నాకూ అలాగే తోస్తోంది.

ఇక తిండి విషయం. మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్క కట్టే చెబుతాను. తల్లిపాలు మానేసిన ఏడాది, రెండేళ్ల మధ్య బిడ్డకు రోజుకు సుమారు 900 కిలోకేలరీల తిండి కావాలి. ఆ వయసు పిల్లల పొట్టలో ఒక్కసారికి పట్టేది ప్రతి కిలో బరువుకూ 30 గ్రాముల చొప్పున. అంటే మీ పాపకు దాదాపు 240 గ్రాములు, మన ఇళ్లలో పెద్ద గ్లాసుడు. సగం నీళ్లు కలిపిన ఒక సీసా పాలతోనే ఆ పొట్ట నిండిపోతుంది. నిండిన పొట్టకు ఆకలి ఉండదు, ఆకలి లేని బిడ్డ ముద్దను ఉమ్మేస్తుంది, ఉమ్మేసింది కదా అని మళ్లీ సీసా అందిస్తాము. మూడు సీసాలు కలిపినా అందులో ఉన్న అసలు పాలు ఒకటిన్నర సీసా మాత్రమే. వాటి వల్ల అందేది 250 కిలోకేలరీలకు అటూ ఇటూ. ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా చోడి పిండి వేసి కాచిన జావలో 35 మించవు. చారన్నంలో ఉన్నది అన్నమే కానీ పప్పు కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా బిడ్డ నోరు ఆడుతూనే ఉంటుంది, పొట్ట నిండుగానే కనిపిస్తుంది, అయినా ఒళ్లు ఎదగదు. మీ అత్తగారి ప్రేమలో లోటు లేదన్నారు చూడండి, అది నేను నమ్ముతాను. పలుచన చేస్తే అరుగుతుందన్న నమ్మకంతోనే ఆమె నీళ్లు కలుపుతున్నారు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో నేను గమనించిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మన వాళ్లు అన్నప్రాసన ఎంతో ముచ్చటగా చేస్తారు. మగపిల్లవాడికి సరి నెలలో, ఆడపిల్లకు బేసి నెలలో, పరమాన్నం నోటికి అందించి, పుస్తకం, కత్తి, డబ్బు ముందుంచి ఏది పట్టుకుంటుందో చూస్తారు. పండుగ అయిపోతుంది, మర్నాటి నుంచి బిడ్డ మళ్లీ పాల మీదే ఉంటుంది. అన్నప్రాసన జరిగిన మూడు నాలుగు నెలల దాకా అన్నం మొదలుకాని ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు ఉగ్గు పెట్టడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు వేయించి, విసిరి, గట్టిగా ఉడికించి, నెయ్యి చుక్క వేసి ఉగ్గుగిన్నెతో పెట్టేవారు. గిన్నె పోయింది, సీసా వచ్చింది.

పలుచన, చిక్కన అన్న గొడవకు మీ ఇంట్లోనే పరిష్కారం ఉంది. చోళ్లను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి రెండు రోజులు మొలకెత్తించండి. ఆ తరువాత ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మామూలు చోడి పిండినో, బియ్యం, పప్పు కలిపిన ఉగ్గు పిండినో గరిటె నిలబడేంత గట్టిగా ఉడికించి, దించి, వేడి కాస్త తగ్గాక మొలకల పిండి ఒక చెంచా వేసి కలపండి. మీ కళ్ల ముందే రెండు మూడు నిమిషాల్లో ఆ గట్టి ముద్ద జారుడుగా మారుతుంది. మొలకలో పుట్టే ఒక ఎంజైము పిండి పదార్థాన్ని విడగొట్టడం వల్ల అలా జరుగుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి పెట్టండి. చూడడానికి పలుచని జావే, కానీ అందులో నీళ్లు కాక పిండి ఉంటుంది. ఒకసారి నరసన్నపేట దగ్గర ఒక కేంద్రంలో ఇది చేసి చూపిస్తుంటే, మూల కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "ఇదేటమ్మా, నీల్లు పొయ్యకుండా నీరైపోనాది! ఇలాగైతే మా గుంటకి నానూ పెడతాను" అంది. గంటసేపు నేను చెప్పిన పాఠం ఆమెకు ఎక్కలేదు. గిన్నె చూశాక ఎక్కింది. మీ అత్తగారికి కూడా మాటలతో చెప్పకండి, పొయ్యి దగ్గర ఇద్దరూ కలిసి చేయండి.

పాలు నీళ్లు కలపకుండా, కాచి, సీసాలో కాక గ్లాసుతోనో గిన్నెతోనో ఇవ్వండి. రోజు మొత్తానికి అర లీటరుకు మించనివ్వకండి. సీసా పీకను ఎంత కడిగినా లోపల పాలజిడ్డు నిలుస్తుంది, మూడుసార్లు విరేచనాలు పట్టుకోవడంలో దాని పాత్ర ఉండే అవకాశం ఎక్కువ. అన్నంలో చారుకు బదులు ముద్దపప్పు, ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ వేస్తే ఆ చెంచాతోనే 45 కిలోకేలరీలు చేరతాయి. రోజుకో గుడ్డు పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, బాలామృతం తెచ్చుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. అది లేనివాళ్లకు ఇచ్చేదని కొందరు చదువుకున్న తల్లులు మొహమాటపడతారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పిండి అది. 100 గ్రాముల్లో దాదాపు 400 కిలోకేలరీలు ఉంటాయి. నెలకు ఇచ్చే రెండున్నర కిలోల పొట్లం ఒక్క బిడ్డ కోసమే తూచి ఇచ్చినది, ఇంట్లో అందరికీ లడ్డూలు చేసిపెట్టడానికి కాదు.

చివరిగా విరేచనాల మాట. లంఖణం పరమౌషధం అన్న సామెత పెద్దవాళ్ల అజీర్తికి సరిపోతుందేమో కానీ ఏడాదిన్నర బిడ్డకు అది నష్టమే. ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ, తిండి ఆపకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్ర 14 రోజులు వేయాలి. విరేచనాలు రెండో రోజున తగ్గినా మాత్రలు మానకూడదు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట తిండి అదనంగా పెడితే కోల్పోయిన బరువు తిరిగి వస్తుంది.


జవాబు: నాగావళి ఒడ్డు

నేను శ్రీకాకుళంలో సామాజిక వైద్యశాస్త్రం చదువుతున్నాను. పెద్దమ్మగారు తిండి సంగతి చెప్పారు కాబట్టి, మీ మొదటి ప్రశ్నకు, అంటే చదువుకూ ఎదుగుదలకూ ఉన్న లంకెకు, నాకు తెలిసినంతలో సమాధానం రాస్తాను.

లంకె ఉన్న మాట నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు దేశం మొత్తం మీద 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. దేశస్థాయి లెక్కను తల్లి చదువును బట్టి విడదీస్తే, బడి ముఖం చూడని తల్లుల పిల్లల్లో సుమారు 46 శాతం, పన్నెండేళ్లు, ఆపైన చదివిన తల్లుల పిల్లల్లో సుమారు 26 శాతం కనిపిస్తుంది. తేడా పెద్దదే. అయితే ఆ రెండో అంకెను ఇంకోసారి చూడండి. బాగా చదువుకున్న తల్లుల పిల్లల్లో కూడా ప్రతి నలుగురిలో ఒకరు గిడసబారే ఉన్నారు. మీ ఒక్కరికే ఇలా జరిగిందని, అది మీ తప్పని అనేవాళ్లకు ఈ అంకె తెలియదు.

చదువు ఏ దారిలో బిడ్డ దాకా చేరుతుందన్నది అసలు ప్రశ్న. చదువుకున్న స్త్రీకి పెళ్లి ఆలస్యమవుతుంది, కాన్పుల మధ్య ఎడం ఉంటుంది, చాలాసార్లు కాస్త కలిగిన ఇంటికి వెళుతుంది, ఆసుపత్రిలో నోరు విప్పి అడగగలుగుతుంది, మందు చీటీ చదవగలుగుతుంది. వీటిలో ఏది ఎంత అన్నదాని మీద వాదోపవాదాలు ఉన్నాయి. 1990లలో 22 దేశాల సర్వేలను పరిశీలించినవారు, ఇంటి ఆర్థిక స్థితినీ ఉండే ప్రాంతాన్నీ లెక్కలోకి తీసుకుంటే తల్లి చదువు ప్రభావం చాలా దేశాల్లో బాగా తగ్గిపోతుందని చూపించారు. 1999లో మొరాకో మీద వచ్చిన ఒక అధ్యయనం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. అక్కడ బిడ్డ ఎదుగుదలకు నేరుగా తోడ్పడినది తల్లికి ఉన్న ఆరోగ్య పరిజ్ఞానం. ఆ పరిజ్ఞానం బడిలో నేర్పినది కాదు. చదవడం వచ్చు కాబట్టి తల్లులు బయట నుంచి సంపాదించుకున్నది. మన బడుల్లో కూడా బీజగణితం నేర్పుతారు కానీ తొమ్మిది నెలల బిడ్డకు జావ ఎంత చిక్కగా కాచాలో ఏ తరగతిలోనూ నేర్పరు. మీ తోడికోడలికి ఆ సంగతి వాళ్ల అమ్మ దగ్గరే తెలిసి ఉంటుంది.

మీ విషయంలో లంకె తెగినచోటు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఉదయం ఎనిమిదింటికీ సాయంత్రం అయిదున్నరకూ మధ్య గిన్నె పట్టుకున్న చేయి మీది కాదు. సర్వేలు తల్లి ఎంత చదివిందని అడుగుతాయి, పగలు ఎవరు తినిపిస్తారని అడగవు. 2011 జనగణనలో విజయనగరం జిల్లా మొత్తం అక్షరాస్యత 58.89 శాతం, ఇప్పటి రాష్ట్రంలోని పాత 13 జిల్లాల్లో అన్నిటికంటే తక్కువ. స్త్రీలలో దాదాపు సగం మందికే చదవడం వచ్చు. మీ అత్తగారి వయసువారిలో అది ఇంకా తక్కువే అయి ఉంటుంది. మన ప్రాంతంలో ఎందరో తల్లిదండ్రులు పనుల కోసం విశాఖకో చెన్నైకో వలస వెళ్లి, పిల్లలను ఈ నాయనమ్మల దగ్గరే వదులుతారు. బిడ్డకు తినిపించే పద్ధతి గురించి తల్లులకు మాత్రమే చెప్పి వదిలేస్తే మాట సగం దారిలోనే ఆగిపోతుంది.

మాటల ఆలస్యం గురించి ఒక సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. బిడ్డల మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా, కొన్ని పల్లెల్లో ఊరి స్త్రీలే ఇంటింటికీ వెళ్లి ఏం పెట్టాలో చెప్పారు. మరికొన్ని పల్లెల్లో దానికి తోడు ఎలా పెట్టాలో, బిడ్డతో ఎలా ఆడాలో కూడా చూపించారు. తిండి రెండు చోట్లా మెరుగుపడింది. మానసిక వికాసపు పరీక్షలో మాత్రం ఆటా మాటా కలిపి నేర్పిన పల్లెల పిల్లలు ముందున్నారు. ఆ ఇళ్లకు వెళ్లి చెప్పినవారు డాక్టర్లు కారు, విన్న తల్లులు డిగ్రీలు చదివినవారు కారు. బిడ్డ ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ, "ఇది పప్పు, ఇది గుడ్డు, కాకమ్మ వచ్చింది చూడు" అంటూ, బిడ్డ నోరు తెరిచేదాకా ఆగి పెట్టడమే వాళ్లు నేర్చుకున్నది. ఫోను తెర ముందు నోట్లో కూరిన ముద్ద కడుపులోకి వెళ్లవచ్చు కానీ దానితో పాటు రావలసిన మాట రాదు. దయచేసి భోజనం వేళ ఫోను తీసేయండి. వారం పది రోజులు గొడవ చేస్తుంది, ఓర్చుకోండి.


జవాబు: పలాస నాన్న

పై ఇద్దరూ చెప్పినది కాదనను, కానీ ఒక మాట మిగిలిపోయింది. నా భార్య పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. ఏడో తరగతి వరకు చదివింది. బిడ్డకు ఏం పెట్టాలో ఆమెకు అంగన్‌వాడీ టీచరు చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. గుర్తుండి ఏం లాభం, ఉదయం ఏడున్నరకు బయలుదేరితే చేతులకు జీడి మరకలతో చీకటి పడ్డాక వస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు పెట్టమంటారు. ఆమె ఇంట్లో ఉండే సమయంలో బిడ్డ మెలకువగా ఉండేది రెండు గంటలు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం పదిమంది, ఆపైన పనిచేసే చోట 26 వారాల సెలవు, యాభై మంది, ఆపైన ఉన్నచోట పిల్లల సంరక్షణ గది ఉండాలని చెప్పింది. చిన్న చిన్న బట్టీలలో, ఇళ్లలో కూర్చుని పప్పు ఒలిచే ఆడవాళ్లకు అందులో ఏది అందుతుంది? చదువు, తిండి అని మాట్లాడేటప్పుడు తల్లి సమయం అనే మూడో సంగతిని కూడా చెప్పాలని నా మనవి.

మా ఇంట్లో మేము చేసినది ఇది. నేను ఆటో నడుపుతాను కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వెళ్లి బాబుకు నేనే పెడుతున్నాను. మొదట్లో మా అమ్మ నవ్వింది, ఇరుగుపొరుగు కూడా నవ్వారు. ఇప్పుడు బాబు ఆటో చప్పుడు వినగానే గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నాడు. టీచరమ్మగారూ, మీ ప్రశ్నలో పాప తండ్రి ఎక్కడా కనిపించలేదు. ఆయన ఏ పూట పెడతారు?


జవాబు: నాగావళి ఒడ్డు

పలాస నాన్న గారు చెప్పినది పూర్తిగా నిజం, నేను రాయవలసి ఉండి రాయలేదు. ఇండోనేషియా, బంగ్లాదేశ్‌లలో లక్షల కుటుంబాల మీద చేసి 2008లో ప్రచురించిన పరిశీలనలో తల్లి చదువు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ బిడ్డ గిడసబారే అవకాశం నాలుగైదు శాతం చొప్పున తగ్గింది. తండ్రి చదువు ప్రభావం కూడా అందులో విడిగా కనిపించింది. తండ్రిని లెక్కలోంచి తీసేసి తల్లినొక్కదాన్నే బోనులో నిలబెట్టడం శాస్త్రం ప్రకారం కూడా సరికాదు.


ప్రశ్న అడిగినవారు: చీపురుపల్లి అమ్మ (నాలుగు వారాల తరువాత)

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ మర్నాడే పాపను బల్ల మీద పడుకోబెట్టి కొలిపించాను, 75 సెంటీమీటర్లు వచ్చింది. జబ్బ పట్టీలో 13.1. పెద్దమ్మగారు చెప్పినట్టే నిలబెట్టి కొలవడం వల్ల తేడా వచ్చింది.

మొలకల పిండి సంగతి మా అత్తగారితో చెప్పబోతే, చోళ్లు మొలకెత్తించడం తన చిన్నప్పుడు వాళ్ల అమ్మ చేసేదని ఆమే నాకు చెప్పారు. ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో ఆమెకే గుర్తులేదు. ఆదివారం ఇద్దరం కలిసి చేశాము. గట్టి జావ జారుడైన క్షణంలో ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఇప్పుడు పప్పన్నం కూడా ఆమే కలుపుతున్నారు. సీసా మాన్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది, రెండు రాత్రులు ఏడ్చింది. మా తోడికోడలు తన బాబుకు పెట్టేటప్పుడు మా పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటోంది. ఇద్దరూ ఒకరి గిన్నెలోది ఒకరు లాక్కుని తింటున్నారు. మూడు వారాల క్రితం వరకు ఆమెను అడగాలంటే నాకు నామోషీగా ఉండేది. అది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. రాత్రి భోజనం పాప నాన్నగారు పెడుతున్నారు.

నిన్న తూచితే 8.4 కిలోలు ఉంది. మాటల్లో "పప్పు", "కాకి", "ఇంకా" చేరాయి. ఒక సందేహం మిగిలింది. పాప కళ్ల కింద రెప్పలు పాలిపోయినట్టు ఉంటున్నాయి. అత్తగారు తన టీ లో బిస్కెట్టు ముంచి పాపకు పెట్టే అలవాటు ఉందని ఈమధ్యే తెలిసింది. బెల్లం ఎక్కువ పెడితే రక్తం పడుతుందంటున్నారు, అది సరిపోతుందా?


జవాబు: విశ్రాంత సూపర్‌వైజరు, నరసన్నపేట

అమ్మా, నాలుగు వారాల్లో 400 గ్రాములు పెరిగిందంటే పాప ఇన్నాళ్లూ ఆకలితో ఉందని, దొరకగానే అందుకుందని అర్థం. పొడవు మాత్రం ఇంత తొందరగా కదలదు. దాని కోసం మూడు నెలలు ఆగి, అదే బల్ల మీద, వీలైతే అదే చేతులతో కొలిపించండి.

బెల్లంతో రక్తం పడదు. అందులో ఉన్న ఇనుము బిడ్డ తినగలిగే మోతాదులో లెక్కకు రాదు, పళ్లు మాత్రం పాడవుతాయి. రెప్పలు పాలిపోతే ఇంట్లో ఊహించుకుంటూ కూర్చోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది, కాబట్టి మీ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. పరీక్షలో తక్కువ వస్తే మందు మోతాదు డాక్టరు చెబుతారు. మామూలుగా ఉన్నా, ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు పిల్లలందరికీ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఇనుము సిరప్పు ఇవ్వాలి. మీ ఆశా కార్యకర్త దగ్గర సీసా ఉంటుంది, అడిగి తీసుకోండి. ఏడాది దాటింది కాబట్టి నులిపురుగుల మందు కూడా వేయించారో లేదో కార్డులో చూడండి. రెండేళ్లలోపు బిడ్డకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లలో కలిపి వేయాలి.

టీ మాత్రం పూర్తిగా మాన్పించండి. తిండిలో ఉన్న ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు. మీ వైపు చేపలు దొరికే సంతల్లో చిన్న నెత్తళ్లు తెచ్చి, ముల్లు లేకుండా ఉడికించి, చిదిమి అన్నంలో కలపండి. ఎండు నెత్తళ్లైతే ఉప్పు పోయేలా రెండుమూడుసార్లు కడిగి నానబెట్టాకే వాడండి. పప్పు దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకుకూరలోని, పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. వేరుశనగ పలుకులు, జీడిపప్పు పొడి చేసి జావలో వేయండి. గింజలుగా చేతికివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

మీ అత్తగారిని ఈ నెల తూకం రోజున పాపతో పాటు మీ కేంద్రానికి పంపండి. కార్డులో గీత పైకి వంగడం ఆమె కళ్లతో చూడాలి, గిన్నె పట్టుకుంటున్నది ఆమే కదా.